రాత్‌లీలో పుట్టిన మెకాలే

లెస్టర్ నార్త్ స్టేషనులో పొగబండి ఎక్కితే కాసేపట్లో రాత్‌లీ వస్తుంది. పిల్లలకు అదొక సరదా. ఆ గ్రామంలోనే, రాత్‌లీ టెంపుల్ అనే భవంతిలో, 1800 అక్టోబరు 25న థామస్ బాబింగ్టన్ మెకాలే పుట్టాడు. మన తాతముత్తాతల చదువులనే మలుపు తిప్పిన మనిషి ఇంత దగ్గరి ఊరివాడని తెలిసినప్పుడు మేము ఉలిక్కిపడిన మాట నిజం.

ఆ ఇల్లు అతని మేనత్త భర్తది. తండ్రి జకరీ మెకాలే బానిసత్వాన్ని రూపుమాపడానికి జీవితం ధారపోసినవాడు. కొడుకు 1830లో పార్లమెంటు సభ్యుడయ్యాడు. 1833 జూలైలో కంపెనీ చార్టరు చర్చలో, భారతీయులు ఐరోపా తరహా పాలన కోరిన నాడు ఇంగ్లండు చరిత్రలోకెల్లా గర్వించదగిన రోజు అవుతుందన్నాడు. మరుసటి ఏడు, సాలుకు పదివేల పౌన్ల జీతం మీద గవర్నరు జనరలు కౌన్సిలు సభ్యుడుగా బయలుదేరాడు.

1834 జూన్‌లో ఓడ దిగింది మద్రాసులోనే. వీధివీధినా తెలుగు వినబడే పట్నం. అక్కడినుంచి బోయీల భుజాల మీద పల్లకిలో ఊటీ వెళ్ళి గవర్నరు జనరలు బెంటింకును కలుసుకున్నాడు. తరవాత 1835 ఫిబ్రవరి 2న కలకత్తాలో ఆ ప్రసిద్ధమైన నివేదిక వ్రాశాడు. తనకు సంస్కృతంగాని అరబ్బీగాని రాదని అందులో తానే ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే, ఆ రెండు సాహిత్యాలూ కలిసినా మంచి ఐరోపా గ్రంథాలయంలోని ఒక్క అర పుస్తకాలకు సాటిరావని తేల్చాడు. దేశభాషల్లో సాహిత్యమూ లేదు, శాస్త్రమూ లేదన్నాడు. మార్చి 7న బెంటింకు ఆమోదముద్ర వేశాడు.

ఇక్కడ ఒక మాట. ఇండియాలో బిచ్చగాడే కనబడలేదని, ఈ జాతి వెన్నెముక విరవాలని అదే తేదీన మెకాలే పార్లమెంటులో అన్నట్లు ఒక ఉల్లేఖన మనవాళ్ళు తరచు పంచుకుంటారు. అది కల్పితం. ఆ రోజు అతడున్నది కలకత్తాలో. అసలు వ్రాసినదే చాలినంత ఉండగా లేనిది అంటగట్టడమెందుకు?

మాకు బాధ కలిగించేది వేరొకటి. మెకాలే మద్రాసులో దిగడానికి ఐదేళ్ళ ముందే, 1829లో, అదే కంపెనీ ఉద్యోగి చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. కడపలో తన బంగళాలోనే పండితులను పెట్టుకుని, సొంత డబ్బుతో జీతాలిచ్చి, చెదలు పడుతున్న తాళపత్రాలకు ప్రతులు వ్రాయించాడు. అడిగి తెలుసుకోవాలనుకుంటే సాక్ష్యం అందుబాటులోనే ఉంది. మెకాలే అడగలేదు.

అయినా అతనిని ఒక్క నివేదికతో కొలవడం న్యాయం కాదు. 1837లో అతని అధ్యక్షతన తయారైన శిక్షాస్మృతి ముసాయిదాయే 1860లో చట్టమై, 2024 జూన్ 30 దాకా భారతదేశంలో అమలులో ఉంది. 1848లో వెలువడడం మొదలైన అతని ఇంగ్లండు చరిత్రను ఇక్కడ నవలలా చదివారు. 1857లో ప్రభువు బిరుదు వస్తే పుట్టిన ఊరినే ఎంచుకుని రాత్‌లీ బ్యారన్ అయ్యాడు. ఊరి మీద మమకారం అతనికీ ఉంది మరి!

1859 డిసెంబరు 28న మరణించాడు. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో కవుల సరసన సమాధి చేశారు. తెలుగుకు నిఘంటువు కూర్చిన బ్రౌను కూడా 1884లో లండన్‌లోనే కన్నుమూశాడు. అతని సమాధి కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉంది.