ఉప్పు మడులు, ఉప్పు పన్ను

ఈస్టిండియా కంపెనీ 1805లో మద్రాసు రాజధానిలో ఉప్పును తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకొనే నాటికే ఆంధ్ర తీరంలో మడులు కట్టి ఉప్పు పండించే వృత్తి పాతుకుపోయి ఉంది. ఆ తరువాత మడులలో పండినదంతా సర్కారు ఉప్పు కొఠార్లకు నిర్ణీత ధరకు చేరవలసి వచ్చింది. అదే ఉప్పు జనానికి ఎన్నో రెట్లు ఎక్కువ ధరకు తిరిగి వచ్చేది. ఈ పన్ను అంత లాభసాటి కావడానికీ, దానికి కావలి కాయడం అంత కష్టం కావడానికీ కారణం ఉప్పు నిర్మాణంలోనే ఉంది.

ఉప్పులో సోడియం పరమాణువు ఒక ఎలక్ట్రానును కోల్పోయి ధనావేశాన్ని, క్లోరిన్ దానిని గ్రహించి రుణావేశాన్ని పొందుతాయి. ఆవేశం గల ఇట్టి కణాలే అయాన్లు, వాటి పరస్పర ఆకర్షణే అయానిక బంధం. స్ఫటికంలో ప్రతి అయాను చుట్టూ వ్యతిరేకావేశం గల ఆరు అయాన్లు ఉంటాయని 1913లో బ్రాగ్ తండ్రీకొడుకుల ఎక్స్-కిరణ పరిశోధనలు తేల్చాయి. ఈ గట్టి అమరిక వల్ల ఉప్పు 801 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద గాని కరగదు; అది కుళ్లదు, కొఠారులో ఏళ్ల తరబడి నిలుస్తుంది. కాని నీటి అణువులు ఆ అయాన్లను సులభంగా విడదీస్తాయి గనుక సముద్రమంతా ఉప్పే.

మడుల పని ఆధారపడినది ఈ రెండో గుణం మీదనే. వంద గ్రాముల నీటిలో సున్నా డిగ్రీల వద్ద సుమారు 36 గ్రాములు, నూరు డిగ్రీల వద్ద సుమారు 39 గ్రాములు మాత్రమే కరిగే ఈ పదార్థాన్ని చల్లార్చి వేరుచేయడం దండగ; నీటిని ఎండకు ఇగిర్చవలసిందే. సముద్రపు నీరు మడి నుంచి మడికి చిక్కబడుతూ పోతుంటే, ఒక్కొక్క అయానుకు రెండేసి ఆవేశాలుండి నీటికి అంతగా లొంగని కాల్షియం సల్ఫేటు ముందుగా అడుగున పేరుకొంటుంది, తరువాత ఉప్పు పొడుస్తుంది, మెగ్నీషియం లవణాలు ద్రవంలోనే మిగులుతాయి. ఆ చేదునీటిని సకాలంలో బయటికి వదలకపోతే ఉప్పు చేదెక్కి, గాలిలోని తేమను పీల్చి చెమర్చుతుంది. అయాను అనే మాట పుట్టకముందే ఈ వరుస మడి పనివారికి కరతలామలకం.

ఎండ, పల్లపు నేల, ఆటుపోటు ఉంటే చాలు, మనిషి చేయి పడకుండానే ఉప్పు పేరుకొంటుంది. అందువల్ల చిత్తడి నేలల్లో తనంతట తాను ఏర్పడిన ఉప్పును సైతం సర్కారు సిబ్బంది నాశనం చేయవలసి వచ్చింది. ఉప్పరులు చవుడును నీటిలో నానబెట్టి, ఆ నీటిని ఇగిర్చి తీసే మట్టి ఉప్పు పైనా వేటు పడింది. నేల మీది గుప్పెడు ఉప్పును ఏరుకోవడమే నేరంగా మార్చిన చట్టం ప్రజల దృష్టిలో న్యాయంగా నిలవడం అసాధ్యం. 1930లో తీరమంతటా సత్యాగ్రహులు కుండల్లో ఉప్పునీరు కాచి బహిరంగంగా ధిక్కరించినది దీనినే. ఉప్పు పన్ను చివరకు 1947 ఏప్రిల్ 1న రద్దయింది.