చిన్న కత్తి చరిత్ర

మన్యం చరిత్ర చెప్పేటప్పుడు మనం గొడ్డలి గురించి, విల్లు గురించి, తుపాకి గురించి చెబుతాం. 1879 నాటి రంప తిరుగుబాటు, 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద జరిగిన దాడి పాఠాల్లో ఉన్నాయి. ఉండాలి కూడా. అయితే మన తాతల మొలలో ఇంకో ఇనుప ముక్క ఉండేది. అది చిన్న కత్తి. పశువులు మేస్తున్నంతసేపూ, మంచె మీద చేను కాపలా కాస్తున్నంతసేపూ పుల్లలు చెక్కిన కత్తి. దాని గురించి మనం రాసుకున్నది చాలా తక్కువ.

ఆ కత్తి చేసినవాళ్ళూ మనవాళ్ళే. షెడ్యూల్డ్ తెగల జాబితాలో ఉన్న కమ్మరలు కొండల్లోనే కొలిమి పెట్టి గొడ్డలి, కొడవలి, నాగలి కర్రు, కత్తి కొట్టి ఇచ్చేవారు. ఏ కర్ర చెక్కడానికి పనికొస్తుందో పిల్లలు పెద్దల పక్కన కూర్చుని నేర్చుకునేవారు. అంకుడు కర్ర తెల్లగా, మెత్తగా ఉంటుంది. పచ్చిగా ఉన్నప్పుడు కత్తికి సులువుగా లొంగుతుంది. ఎండలో పెడితే పగులుతుంది కాబట్టి నీడలో ఆరబెట్టాలి. నార పోయే వైపు చెక్కితే పొర నున్నగా లేస్తుంది, ఎదురు చెక్కితే చీలిపోతుంది. వెదురైతే కణుపు చూసి కోయాలి. ఈ తెలివితోనే బొంగరం, గరిటె, పశువుల మెడలో కట్టే కర్ర గంట, పిల్లనగ్రోవి తయారయ్యాయి.

వీటిలో కొన్ని అవసరం కోసం చేసినవి, కొన్ని కేవలం ఇష్టం కోసం చేసినవి. గంటకు మోత చాలు, దాని మీద గీతలు అక్కర్లేదు. గరిటెకు తొన చాలు, పిడి మీద పిట్ట అక్కర్లేదు. అక్కర్లేకపోయినా చెక్కినదాంట్లోనే మనిషి మనసు కనిపిస్తుంది.

ఈ విషయాన్ని శ్రద్ధగా నమోదు చేసినవారిలో వెరియర్ ఎల్విన్ ముఖ్యుడు. మనకు పడమటనున్న బస్తర్‌లోని మురియాల గురించి ఆయన రాసిన పుస్తకం 1947లో వచ్చింది. ఘోటుల్‌లో యువకులు తమకు నచ్చిన అమ్మాయికి దువ్వెన చెక్కి ఇచ్చేవారని, ఆమె దాన్ని కొప్పులో పెట్టుకునేదని అందులో ఉంది. 1951లో వచ్చిన ‘ది ట్రైబల్ ఆర్ట్ ఆఫ్ మిడిల్ ఇండియా’లో ఒడిశాలోని జువాంగులు, కుట్టియా కోందుల దువ్వెనలు కూడా కనిపిస్తాయి. కుట్టియా కోందుల పేరు మన రాష్ట్ర తెగల జాబితాలోనూ ఉంది. అంటే ఇది ఎవరి కథో కాదు, మన చుట్టాల కథే. ఘోటుల్ దువ్వెన సంతకు వెళ్ళే సరుకు కాదు, ఒకరి చేతి నుంచి ఇంకొకరి కొప్పులోకి వెళ్ళే మాట.

మరి ఈ అలవాటు ఎందుకు సన్నగిల్లింది? చెక్కాలంటే ముందు కర్ర భయం లేకుండా దొరకాలి. కల్లు మీద వేసిన చిగురుపన్ను రంప తిరుగుబాటుకు ఒక కారణం. చెట్టు గీసే కత్తి మీద మొదట ఆ పన్ను పడింది. మూడేళ్ళకు, 1882లో, మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవిలో చెట్టు కొట్టడం, కొమ్మ నరకడం, పశువుల్ని మేపడం నేరాలయ్యాయి. దుంగకీ పుల్లకీ ఉన్న తేడా మనకు తెలుసు. గార్డుకు జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ తేడా నిలబడదు. భయపడుతూ చేసే పని సరదాగా మిగలదు.

అలాగని తప్పంతా చట్టం మీదే వేయడమూ సరికాదు. సంతలో ప్లాస్టిక్ దువ్వెన, స్టీలు గరిటె చవకగా దొరికాయి. అవి కొన్న తల్లిని ఎవరూ తప్పుపట్టలేరు. పిల్లలు ఆశ్రమ పాఠశాలలకు వెళ్ళారు. వెళ్ళాల్సిందే. కాని అక్కడ చేతిపనికి మార్కులు లేవు.

ఇదే అంకుడు కర్ర కొండ దిగి ఇంకో దారి పట్టింది. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో కళాకారులు దాన్ని తిరుగుడు యంత్రం మీద బొమ్మలుగా మలచి లక్క రంగులు వేస్తారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. వాళ్ళ నైపుణ్యానికి అది తగిన గౌరవమే. ఆ గుర్తింపు అమ్మే సరుకుకు, ఒక ఊరి పేరుకు వస్తుంది. పశువుల వెంట నడుస్తూ చెక్కిన దువ్వెనకు అలాంటి కాగితం రాదు. దాన్ని మనమే గుర్తుపెట్టుకోవాలి.

2006 అటవీ హక్కుల చట్టం ఇక్కడ మనకు ఒక ఆసరా. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్య హక్కును అది గుర్తించింది. ఆ జాబితాలో వెదురు, పొదల పుల్లలు, మోళ్ళు, బెత్తం, లక్క ఉన్నాయి. కలప లేదు. గరిటె చెక్కే చేతికి కలప దుంగ అవసరం కూడా లేదు. ఈ నిర్వచనాన్ని గ్రామసభలో, తరగతి గదిలో చదివి వినిపించాలి.

ఉపాధ్యాయులకు ఇంకో మాట. ఫిన్లాండ్ 1866లోనే గ్రామీణ బడుల్లో మగపిల్లలకు చేతిపనిని తప్పనిసరి చేసింది. ‘స్లాయిడ్’ అనే ఆ పద్ధతిలో పిల్లల చేతికి మొదట ఇచ్చే పనిముట్లలో కత్తి ఒకటి. మన దేశంలో గాంధీజీ 1937లో వార్ధా సమావేశంలో చేతిపని ద్వారా చదువు చెప్పాలన్నారు. బయటివాళ్ళు సిద్ధాంతం రాసి బడిలోకి తెచ్చుకున్నది మన పిల్లలు గట్టు మీదే నేర్చుకునేవారు.

యువకులు ఈ సెలవుల్లో చేయగల పని ఒకటుంది. ఊళ్ళో పెద్దల దగ్గర కూర్చుని పాత గంటో, గరిటో, దువ్వెనో అడిగి చూడండి. ఏ కర్ర, ఎవరు చెక్కారు, ఎవరి కోసం అన్నది రాయండి. కువి, గదబ, ఆదివాసీ ఒరియా, మీది ఏ భాషైతే ఆ భాషలోనే వస్తువు పేరు, దాని భాగాల పేర్లు రాసుకోండి. అరకులో 1996 నుంచి గిరిజన మ్యూజియం ఉంది. మ్యూజియంలో వస్తువును చూడగలం. దాన్ని చెక్కిన చెయ్యి ఎవరిదో చెప్పగలిగేది మాత్రం ఊరే, అదీ తెలిసినవాళ్ళు బతికున్నంత కాలమే.