చింతపిక్కలతో చిన్నారుల లెక్కలు

"మా అమ్మాయి వంద దాకా గడగడా చెప్పేస్తుందండీ!" అని మురిసిపోని తల్లిదండ్రులు మనలో అరుదు. మురిసిపోవలసిందే, కాదనను. కానీ ఆ పాప ముందు ఓ గుప్పెడు చింతపిక్కలు పోసి, "నాకు ఐదు ఇవ్వమ్మా" అని అడిగి చూడండి. మూడేళ్ళ పిల్లలైతే చాలామంది చేతికి వచ్చినన్ని తీసి మన చేతిలో పోస్తారు. అంకెల పాట వచ్చింది గాని, ఐదు అంటే ఎన్నో ఇంకా తెలియలేదన్నమాట.

ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరమే బడికి వెళ్ళే ముందు పిల్లలు దాటవలసిన అసలు మెట్టు. వర్క్‌షీట్లు, ఫ్లాష్ కార్డులు ఆ మెట్టు దాటించలేవు. చేతులతో పట్టుకుని, కదిపి, పంచి, పేర్చి చూస్తేనే అది పట్టుబడుతుంది. ప్రీస్కూల్ తరగతిలో గాని, వారాంతపు తెలుగు బడిలో 3 నుంచి 5 ఏళ్ళ పిల్లల గుంపుతో గాని చేయించదగ్గ కొన్ని ఆటలను, వాటి వెనక ఉన్న కారణాలతో సహా ఈ వ్యాసంలో ఇస్తున్నాను. సామగ్రి చాలావరకు మన వంటింట్లోనూ, ఇండియన్ స్టోర్‌లోనూ దొరికేదే.

లెక్కపెట్టడం అంటే ఏమిటి?

మనకి అలవాటైపోయి గమనించం గాని, లెక్కపెట్టడం ఒకే ఒక్క నైపుణ్యం కాదు. రాచెల్ గెల్మన్, రాండీ గాలిస్టెల్ అనే శాస్త్రవేత్తలు 1978లో ప్రచురించిన పుస్తకంలో దీన్ని ఐదు సూత్రాలుగా విడదీశారు.

1. ఒక్కో వస్తువుకి ఒక్కటే అంకె. ఏదీ వదలకూడదు, దేన్నీ రెండుసార్లు లెక్కపెట్టకూడదు.
2. అంకెల వరుస ఎప్పుడూ మారకూడదు.
3. చివర చెప్పిన అంకే మొత్తం ఎన్నో చెబుతుంది.
4. దేన్నైనా లెక్కపెట్టవచ్చు: పిక్కలు, చప్పట్లు, గెంతులు, రాబోయే పుట్టినరోజులు.
5. ఎటునుంచి మొదలుపెట్టినా మొత్తం మారదు.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే ఇదొక చిన్న అల్గారిదం. ఎక్కడ తప్పుతోందో తెలిస్తే అక్కడే సరిచేయవచ్చు. పిల్లవాడు ఏడు పిక్కల్ని ఎనిమిది అన్నాడంటే, ఒకే పిక్కని రెండుసార్లు ముట్టుకున్నాడా, ఐదు తర్వాత ఏడుకి దూకాడా అన్నది చూడాలి. మొదటిదైతే మొదటి సూత్రం, రెండోదైతే రెండో సూత్రం. "తప్పు, మళ్ళీ చెప్పు" అంటే వాడికి ఏదీ తెలియదు.

కాస్త ఆలస్యంగా పట్టుబడేది మూడో సూత్రం. కారెన్ విన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990ల మొదట్లో, పైన చెప్పిన "ఇన్ని ఇవ్వు" పద్ధతిలోనే పిల్లల్ని పరీక్షించారు. పిల్లలకి ముందు "ఒకటి" అర్థమవుతుంది. కొన్ని నెలలకి "రెండు", ఆ తర్వాత "మూడు". అక్కడి నుంచి, లెక్కపెడితే ఎన్ని ఉన్నాయో తెలుస్తుందన్న సంగతే అర్థమై, మిగతా అంకెలన్నీ వాళ్ళ సొంతమవుతాయి.

చేతులతో నేర్పిన పెద్దలు

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1837లో జర్మనీలో మొదటి కిండర్‌గార్టెన్‌కి పునాది వేసిన ఫ్రోబెల్ పిల్లల చేతికి చెక్క గోళాలు, ఘనాలు ఇచ్చారు. 1907లో రోమ్ నగరంలో పేదల వాడలో తొలి బాలల గృహం తెరిచిన మరియా మాంటిస్సోరి, గణితానికి ప్రత్యేకంగా సామగ్రి తయారుచేశారు: 10 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా పెరిగే పది ఎర్ర-నీలం కర్రలు, 45 కదుళ్ళున్న పెట్టె, పూసల గొలుసులు. 45 ఎందుకంటారా? 1 నుంచి 9 దాకా కూడితే 45. అన్ని గళ్ళూ సరిగ్గా నింపితే చేతిలో ఒక్కటీ మిగలదు, సున్నా గడి ఖాళీగా ఉంటుంది. పొరపాటు చేస్తే సామగ్రే చెబుతుంది, టీచరు చెప్పనక్కర్లేదు. మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి, అడయారులో ఉపాధ్యాయులకి శిక్షణ ఇచ్చారు. మన వైపు ఊరూరా ఆమె పేరుతో బళ్ళు కనబడడానికి మూలం అక్కడుంది.

ఇప్పుడే ఎందుకు?

2007లో గ్రెగ్ డంకన్, ఆయన సహచరులు అమెరికా, కెనడా, బ్రిటన్ దేశాల ఆరు దీర్ఘకాల అధ్యయనాలను కలిపి చూశారు. బడిలో చేరేనాటికి ఉన్న నైపుణ్యాల్లో, తర్వాతి చదువుని అన్నిటికన్నా బాగా సూచించింది గణితం. దాని తర్వాతే చదవడం, శ్రద్ధ. ఇది సంబంధాన్ని చూపే ఫలితం. గణితం నేర్పితే మిగతావన్నీ వాటంతటవే వస్తాయని రుజువు కాదు. అయినా, "చిన్నపిల్లలకి అప్పుడే లెక్కలెందుకు, చదవడం వస్తే చాలు" అనుకునేవారు ఆలోచించవలసిన విషయం. 2010లో వచ్చిన కామన్ కోర్ ప్రమాణాలు కూడా కిండర్‌గార్టెన్ పూర్తయ్యేసరికి వంద దాకా చెప్పడంతో సరిపెట్టలేదు. 20 వస్తువుల దాకా లెక్కపెట్టి ఎన్నో చెప్పగలగాలన్నాయి.

ఆటలు

ఇన్ని ఇవ్వు: ఒక పళ్ళెంలో 15 పిక్కలు, పక్కన ఓ బొమ్మ. "బొమ్మకి ఆకలేస్తోంది, మూడు పెట్టు." పెట్టాక "మూడున్నాయా? చూద్దామా?" అని కలిసి లెక్కపెట్టండి. సరిగ్గా ఇచ్చిన అంకె కన్నా ఒకటి పెంచి అడగండి, తప్పితే ఒకటి తగ్గించండి. పిల్లవాడు ఎక్కడున్నాడో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. మిగతా ఆటలన్నీ ఆ అంకె చుట్టూనే నడపండి.

గవ్వలాట: నాలుగు గవ్వలు వేసి, వెల్లకిలా ఎన్ని, బోర్లా ఎన్ని అని అడగండి. మూడు లోపు వస్తువుల్ని మనిషి లెక్కపెట్టకుండానే ఒక్క చూపులో పోల్చుకోగలడు. ఆ శక్తికి ఇది సాన. పైగా నాలుగంటే మూడూ ఒకటీ, రెండూ రెండూ, నాలుగూ సున్నా అని కళ్ళ ముందే కనిపిస్తుంది. కూడికకి ఇదే విత్తనం. అష్టాచెమ్మాలో అన్నీ బోర్లా పడితే ఎనిమిది కదా అంటారేమో. ఈ వయసు పిల్లలకి అది తికమక, ప్రస్తుతానికి సున్నా అనే చెప్పండి.

పది గళ్ళ పట్టీ: అట్టముక్క మీద ఎడమ నుంచి కుడికి ఒకే వరుసలో పది సమానమైన గళ్ళు గీసి, 1 నుంచి 10 దాకా అంకెలు వేయండి. ఒక నాణేనికి ఓ వైపు 1, మరో వైపు 2 అని అతికించి, ఎగరేసి జరపడమే ఆట. రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలు ఇలాంటి ఆటని 15 నిమిషాల చొప్పున నాలుగుసార్లు ఆడితేనే అంకెల పరిమాణంపై వారి అవగాహన స్పష్టంగా మెరుగుపడింది. గళ్ళలో అంకెలకి బదులు రంగులు పెట్టి ఆడినవారికి ఆ లాభం రాలేదు.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. పిల్ల ఐదో గడిలో ఉండి 2 పడితే "ఒకటి, రెండు" అని జరపకూడదు, "ఆరు, ఏడు" అంటూ జరపాలి. అలా ఆడినప్పుడే పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారని ఆ తర్వాతి పరిశోధన చెబుతోంది. వైకుంఠపాళి కూడా అంకెల ఆటే గాని, అందులో వరుసలు పాములా మెలికలు తిరుగుతాయి. తిన్నని పట్టీ బాగా వచ్చాకే దాని జోలికి వెళ్ళండి.

వామనగుంటలు: ఏడేసి గుంటల రెండు వరుసల పీట లేకపోయినా ఫరవాలేదు, నాలుగు కప్‌కేక్ గిన్నెలు చాలు. గిన్నెకి మూడు పిక్కలు. ఒక గిన్నెలోవి తీసి, తర్వాతి గిన్నెల్లో ఒక్కొక్కటి వేసుకుంటూ పోవాలి. గిన్నెకొక పిక్క అంటే మొదటి సూత్రమే! తొందరపడి రెండు వేస్తే ఆట చెడుతుంది కాబట్టి పిల్లలే జాగ్రత్త పడతారు. వేసే ముందు "చివరి పిక్క ఎక్కడ ఆగుతుందో చెప్పు" అని అడగండి. ఖాళీ గుంటని తుడిచి పక్కదాన్ని గెలుచుకునే అసలు నియమాలు ఐదేళ్ళు దాటాక నేర్పవచ్చు.

గుడ్ల పెట్టె: డజను గుడ్ల అట్టపెట్టె నుంచి రెండు గుంటలు కత్తిరిస్తే, ఐదేసి గుంటల రెండు వరుసలు మిగులుతాయి. అదే బళ్ళలో వాడే పది గళ్ళ చట్రం. ఏడు పిక్కలు పెడితే "ఒక వరుస నిండింది, ఇంకో రెండు, మూడు ఖాళీ" అని కనిపిస్తుంది. రెండు పెట్టెలు పక్కపక్కన పెట్టి పదమూడు పేర్చండి: ఒకటి నిండింది, రెండోదాంట్లో మూడు.

ఇక్కడే తెలుగు అంకెలు అక్కరకొస్తాయి. ఇంగ్లీషులో పదకొండుకీ పన్నెండుకీ ఉన్న పేర్లలో పది ఎక్కడుందో పిల్లలకి వినబడదు. మన పదకొండు, పదమూడు, పద్నాలుగు అన్నిటికీ ముందు పది పలుకుతూనే ఉంటుంది. ఇరవై దాటితే ఇరవై ఒకటి, ఇరవై రెండు అని మరీ తేట. కెవిన్ మిల్లర్ బృందం 1995లో చైనా, అమెరికా పిల్లల్ని పోల్చి చూస్తే, పది దాకా ఇద్దరూ సమానంగానే ఉన్నారు. పది దాటాకే అమెరికా పిల్లలు వెనకబడ్డారు. చైనా భాషలో పదకొండుని "పది ఒకటి" అంటారు మరి. "లెక్కలు ఇంగ్లీషులోనే నేర్పాలి, లేకపోతే బడిలో కష్టం" అని ఇంట్లో తెలుగు అంకెలు మానేసిన తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. రెండు భాషల్లోనూ చెప్పించండి, నష్టం లేదు.

ముగ్గు చుక్కలు: నల్ల కాగితం మీద గుండ్రని స్టిక్కర్లతో ఐదు చుక్కలు, సందు చుక్క, ఒకటి వచ్చేవరకు పెట్టించండి. పిల్లలు 1, 2, 3, 4, 5, 4, 3, 2, 1 అని చదువుతారు. ఎక్కడం, దిగడం రెండూ వచ్చేస్తాయి. మొత్తం 25 చుక్కలు. కాగితాన్ని కాస్త ఏటవాలుగా తిప్పి చూస్తే ఐదేసి చుక్కల ఐదు వరుసలు కనబడతాయి. పెద్దపిల్లలుంటే అది వాళ్ళని కనిపెట్టమనండి.

కొలతలు: సోల, తవ్వ, మానిక ఎవరి ఇంట్లోనైనా ఉంటే తెప్పించండి. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. ఇక్కడి వంటింటి కొలతలూ అంతే: రెండు కప్పులు పైంటు, రెండు పైంట్లు క్వార్టు. బియ్యం పోసి, ఎన్నిసార్లు పోస్తే నిండుతుందో ముందు ఊహించమనండి, తర్వాత పోయించండి. సన్నటి పొడుగు గ్లాసులో పోస్తే బియ్యం "ఎక్కువైపోయాయి" అంటారు. పియాజే గమనించినట్టు, ఆరేడేళ్ళ దాకా అది సహజమే. వాదించకండి, తిరిగి పాత గిన్నెలో పోయించండి చాలు. బల్ల పొడవు జానలతో కొలిపిస్తే టీచరుకి ఒక లెక్క, పిల్లకి ఒక లెక్క వస్తుంది. ఎందుకలా అన్న ప్రశ్న పిల్లల నోటి నుంచే రానివ్వండి.

వరుసలు: ఆకు, పువ్వు, ఆకు, పువ్వు అంటూ కాగితం తోరణం, దసరాకి బతుకమ్మలో రంగుల వరుసలు, బొమ్మల కొలువులో చిన్న నుంచి పెద్దకి బొమ్మలు పేర్చడం, ఇవన్నీ గణితమే. "తర్వాత ఏమొస్తుంది?" అన్నదే ఇక్కడ అడగవలసిన ప్రశ్న.

జాగ్రత్తలు

ఇది దయచేసి వదలకుండా చదవండి. అమెరికా భద్రతా నిబంధనల ప్రకారం, 1.25 అంగుళాల వ్యాసమున్న పరీక్ష గొట్టంలో పూర్తిగా పట్టే వస్తువు మూడేళ్ళలోపు పిల్లల ఆటవస్తువుల్లో ఉండకూడదు. చింతపిక్కలు, గవ్వలు, పూసలు అన్నీ అందులో పట్టేవే. కాబట్టి మూడేళ్ళు నిండనివారికి పెద్ద చెక్క దిమ్మలు, పెద్ద సీసా మూతలు ఇవ్వండి. నోట్లో పెట్టుకునే అలవాటున్న నాలుగేళ్ళ పిల్లలకీ అదే నియమం. ఆట మొదట్లోనూ చివర్లోనూ పిక్కలు లెక్కపెట్టండి, అది కూడా ఒక పాఠమే.

గురివింద గింజలు మాత్రం తరగతిలోకి తేవద్దు. చూడడానికి ముచ్చటగా ఉంటాయి, పూర్వం కంసాలులు తూకానికి వాడినవే, కానీ వాటిలో ప్రాణాంతకమైన విషం ఉంది. పచ్చి రాజ్మా గింజలు కూడా తింటే వాంతులు పట్టుకుంటాయి. ఎలర్జీ ఉన్న పిల్లలుండవచ్చు కాబట్టి వేరుశనగ, జీడిపప్పు వద్దు.

తరగతి నడిపే తీరు

పన్నెండు మంది పిల్లలుంటే మూడు బల్లలు వేసి, బల్లకి నలుగురు చొప్పున కూర్చోబెట్టండి. ఒక్కో బల్ల మీద ఒక్కో ఆట. పది నిమిషాలకొకసారి బల్లలు మారితే అరగంటలో అందరికీ అన్నీ అందుతాయి. బల్లకొక పెద్దవాళ్ళు తప్పనిసరి. అమ్మమ్మలు, తాతయ్యలు ఇండియా నుంచి వచ్చి ఉంటే వామనగుంటల బల్ల వాళ్ళకి అప్పగించండి, మనకన్నా బాగా ఆడిస్తారు.

కొత్త సామగ్రి ఇచ్చినప్పుడు మొదటి ఐదు నిమిషాలు ఏమీ చెప్పకుండా వాళ్ళ ఇష్టానికి వదిలేయండి. ముచ్చట తీరాక మాట వింటారు. సరైన జవాబు వచ్చినా "ఎలా తెలిసింది?" అని అడగండి. ఎవరు ఏ అంకె దాకా "ఇన్ని ఇవ్వు"లో నెగ్గారో చిన్న నోటుపుస్తకంలో రాసుకుని, ఆరు వారాల తర్వాత మళ్ళీ చూడండి.

ఇంటికి పంపేటప్పుడు తల్లిదండ్రులకి ఒకే ఒక్క పని చెప్పండి: రాత్రి భోజనానికి కంచాలు పెట్టే పని పిల్లలకి అప్పగించమనండి. ఇంట్లో ఎంతమందో, కంచాలు ఎన్నో, ఈ రోజు మామయ్య వస్తే ఇంకెన్ని కావాలో, అన్నీ వాళ్ళే తేల్చుకుంటారు. పావుకిలో చింతపిక్కలు, ఒక గుడ్ల పెట్టె, ఒక అట్టముక్క ఉంటే వచ్చే ఆదివారమే తరగతి మొదలుపెట్టవచ్చు.