ఆకాశమునుండి చూచిన రహస్యము

బాల్టిక్ సముద్రములో యూసెడోం అను ద్వీపమున పీనెముండె గ్రామమున్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున జర్మనులు తమ రాకెట్లను అచ్చట రహస్యముగా పరీక్షించుచుండిరి. 1942 మే 15న బ్రిటిష్ వైమానికుడొకడు ఆ ప్రదేశమును ఛాయాచిత్రములు తీసెను. వానిలో పెద్ద వలయాకారపు కట్టలు కనబడెను. అవి ఎందులకో ఎవరికిని తెలియలేదు. చిత్రములను పక్కన పెట్టిరి.

ఇట్టి చిత్రములను చదువుట ఒక శాస్త్రము. కొంత ఎడముగా తీసిన రెండు చిత్రములను స్టీరియోస్కోపులో ఒక్కొక్క కంటికి ఒక్కొక్కటిగా చూచినచో ఎత్తుపల్లములు తేటపడును. విమానపు ఎత్తు, కెమెరా కటకపు నాభ్యంతరము తెలిసినచో వస్తువుల కొలతలు లెక్కింపవచ్చును. కాని దేనికొరకు వెదకవలెనో చిత్రము చెప్పదు.

1943లో గూఢచారుల ద్వారా రాకెట్ల వార్తలు అందిన పిదప పరిశీలకులు మరల వెదకిరి. జూన్ చిత్రములలో రాకెట్లు బయటపడెను. ఆగస్టు 17 రాత్రి దాదాపు 600 విమానములు పీనెముండెపై బాంబులు వేసినవి. 40 విమానములు తిరిగి రాలేదు. జర్మనులు నిర్బంధించి తెచ్చిన విదేశీ కూలీలు వందలకొలది ఆ దాడిలో మరణించిరి.

నవంబరు 28న తీసిన చిత్రములో కాన్‌స్టన్స్ బాబింగ్టన్ స్మిత్ అను పరిశీలకురాలు, సముద్రపుటొడ్డున ఏటవాలు పట్టాలపై చిన్న శిలువవంటి ఆకారమును గుర్తించెను. అది చోదకుడులేని వి-1 బాంబు! ఉత్తర ఫ్రాన్సులో లండను వైపు తిరిగియున్న వింత కట్టడముల ప్రయోజనము దీనితో తేలినది. వానిపై దాడులు సాగినవి. జర్మనులు వేరు స్థావరములు కట్టుకొని 1944 జూన్ 13న వి-1 ప్రయోగములు ఆరంభించిరి.

ఛాయాచిత్రము ఆ ఆయుధమును ఆపలేదు, ఆలస్యము చేసినది. 1942లోనే చేతికందిన సాక్ష్యము, సరియైన ప్రశ్న కొరకు ఏడాది వేచియుండవలసివచ్చెను.