నొప్పి నివారణలో గంజాయి: తెలుగునాట చరిత్ర

గంజాయి మొక్క ఆకును, పూతను, దాని జిగురును, లేదా వాటినుంచి వేరుచేసిన రసాయనాలను వైద్యుని పర్యవేక్షణలో నొప్పి తగ్గించేందుకు వాడడాన్ని వైద్య గంజాయి వాడకం అంటారు. భారతదేశంలో ఈ వాడకం పాతదే అయినా, దానికి తెలుగు ప్రాంతంతో ఉన్న సంబంధం చాలామందికి తెలియదు. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న కొన్ని గ్రామాల్లో బ్రిటిష్ పాలనాకాలంలో గంజాయి ప్రభుత్వ అనుమతితోనే పండింది. ఆ రోజుల్లో బాపట్ల తాలూకా కృష్ణా జిల్లాలో భాగం. నూరేళ్లు దాటిన తర్వాత అదే మొక్క పేరు విశాఖ మన్యంలోని దొంగసాగుకు, పోలీసు దాడులకు పర్యాయపదమైంది. ఈ రెండు దశల మధ్య అది మందుగా ఎలా నిలిచింది, ఎందుకు వెనకబడింది అన్నదే ఈ వ్యాస విషయం.

ప్రాచీన, మధ్యయుగ వైద్యం

మొక్కకు లిన్నేయస్ 1753లో కన్నబిస్ సాటివా అని శాస్త్రీయ నామం పెట్టాడు. భారతదేశపు రకాన్ని 1785లో లామార్క్ కన్నబిస్ ఇండికా అని వేరుచేశాడు. సంస్కృత గ్రంథాల్లో దీనికి భంగ, విజయ అనే పేర్లున్నాయి. అథర్వవేదంలో భంగ ప్రస్తావన ఉన్నప్పటికీ, వైద్యంలో దాని వాడకం స్పష్టంగా కనిపించేది మధ్యయుగ గ్రంథాల్లోనే. శార్ఙ్గధర సంహిత భంగను, నల్లమందును 'వ్యవాయి' ద్రవ్యాలకు ఉదాహరణగా చూపింది. ముందు శరీరమంతటా వ్యాపించి, ఆ తర్వాతే జీర్ణమయ్యే ద్రవ్యాన్ని వ్యవాయి అంటారు. మత్తుమందు ప్రభావం ఎంత వేగంగా పాకుతుందో గమనించినవారు ఇచ్చిన నిర్వచనం ఇది. 16వ శతాబ్దపు భావప్రకాశం కూడా దీని గుణాలను వర్ణించింది.

అయితే ఆ గ్రంథాలను బట్టి పూర్వకాలపు వైద్యులు గంజాయిని ప్రధానంగా నొప్పి మందుగానే చూశారని అనుకోవడం సరికాదు. ఆకలి పుట్టించడం, విరేచనాలు కట్టడం, నిద్ర పట్టించడం వారి మొదటి ప్రయోజనాలు. భంగ చేరే జాతీఫలాది చూర్ణం ఉదర రోగాలకు ఉద్దేశించినదే. నొప్పికి వాడిన సందర్భాలు వాటికి తోడుగా వచ్చినవి: మొలలపైనా వాచిన చోట్లపైనా ఆకు నూరి కట్టడం, కీళ్ల నొప్పులకు లోపలికి ఇవ్వడం వంటివి. యునానీ వైద్యులు దీన్ని కిన్నబ్ పేరుతో ఎరుగుదురు; వారి మాజూన్ ఫలక్‌సైర్ అనే లేహ్యంలో భంగు చేరుతుంది. విజయ ఘనసారం (గట్టి సారం), వంశలోచనం (వెదురు ఉప్పు) కలిపి చేసే త్రైలోక్యవిజయ వటిని మాత్రం ఆధునిక ఆయుర్వేద వైద్యులు నొప్పి ఉపశమనానికే ప్రత్యేకంగా వాడుతున్నారు.

పచ్చి ఆకును నేరుగా వాడకుండా శోధన చేయాలన్నది ఆయుర్వేద నియమం. శోధన అంటే ద్రవ్యంలోని తీక్ష్ణతను, విషగుణాన్ని తగ్గించే సంస్కారం. ఆకును ఆకుపచ్చని రంగు దిగిపోయేదాకా నీటితో కడిగి, ఆరబెట్టి, నేతిలో వేయించడం ఒక పద్ధతి. పాలలోనో తుమ్మ బెరడు కషాయంలోనో ఉడికించడం మరో పద్ధతి. ప్రధాన రసాయనాలు నీటిలో కరగవు, కొవ్వులో కరుగుతాయి. అంటే కడిగిన నీరు మందును కాక మలినాన్ని తీసుకుపోతుంది, నెయ్యి మందును పట్టి ఉంచుతుంది. ఈ పద్ధతిని ఏర్పరచినవారికి రసాయనశాస్త్రం తెలియకపోయినా ఫలితం తెలిసే ఉండాలి.

ఐరోపా వైద్యుల దృష్టి

మద్రాసులో సర్జనుగా పనిచేసిన వైట్‌లా ఐన్‌స్లీ 1813లో ఆ నగరంలోనే ఒక ఔషధ గ్రంథం ప్రచురించి, దేశీయ మందులకు తమిళ, తెలుగు, దక్కనీ, సంస్కృత నామాలు ఇచ్చాడు. దాన్నే పెంచి 1826లో రెండు సంపుటాలుగా లండన్‌లో వెలువరించాడు. గంజాయి, భంగు అతని పట్టికలో ఉన్నాయి. కానీ నొప్పి మందుగా గంజాయికి ప్రపంచ ప్రచారం తెచ్చినవాడు కలకత్తా వైద్య కళాశాలలో రసాయనశాస్త్ర ఆచార్యుడైన ఐరిష్ వైద్యుడు విలియం బ్రూక్ ఓషానెస్సీ. అతను స్థానిక వైద్యుల వాడకాన్ని విచారించి, జంతువులపై పరీక్షించి, జిగురును ఆల్కహాలులో కరిగించి తయారుచేసిన మందును కీళ్లవాతం, ధనుర్వాతం, కలరా రోగులకు ఇచ్చి, ఫలితాలను 1839లో వైద్య సంఘం ముందు ఉంచాడు. కీళ్లవాత రోగులకు ఉపశమనం కలిగింది. ధనుర్వాతంలో ఈడ్పులు, వాటి బాధ తగ్గాయి. ఒక రోగి మాత్రం చేయి ఎక్కడ పెడితే అక్కడే కదలకుండా ఉండిపోయేంత మత్తులోకి వెళ్లాడు. ఆ వింత స్థితిని దాచకుండా నమోదు చేయడం ఓషానెస్సీ నివేదికకు విశ్వసనీయత తెచ్చింది.

ఆ తర్వాత గంజాయి ద్రావకం బ్రిటన్‌లో మైగ్రేన్‌కు, నరాల నొప్పికి, బహిష్టు నొప్పికి వాడుకలోకి వచ్చింది. విక్టోరియా రాణి వైద్యుల్లో ఒకడైన రస్సెల్ రేనాల్డ్స్ మూడు దశాబ్దాలకు పైబడిన తన అనుభవాన్ని 1890లో లాన్సెట్ పత్రికలో వివరించాడు. భారతదేశంలో 1868 నాటి అధికారిక ఔషధకోశం దీన్ని చేర్చుకుంది; మరుసటి ఏడు మద్రాసులో మొయిదీన్ షరీఫ్ ఆ కోశానికి అనుబంధం వెలువరించి, దేశభాషల్లో మందుల పేర్లను సరిచేశాడు. తెలుగు పేరు తప్పుగా రాస్తే అంగడిలో వేరే దినుసు చేతికొచ్చే రోజుల్లో ఆ పని చిన్నది కాదు.

కృష్ణా జిల్లా పంట

మద్రాసు రాష్ట్రంలో గంజాయి సాగు రెండు చోట్లకు పరిమితమైంది: ఉత్తర ఆర్కాటులోని జవాది కొండలు, కృష్ణా జిల్లాలో బాపట్ల తాలూకాకు చెందిన దగ్గుబాడు పరిసరాలు. ఆడ మొక్కల పూతలోనే జిగురు ఎక్కువ కాబట్టి, మంచి సరుకు కోరే రైతు మగ మొక్కలను పుప్పొడి రాలకముందే పీకివేస్తాడు. గింజ పట్టని పూత జిగురుతో బరువెక్కుతుంది. ఇలా పండిన పూతను గంజాయి అనీ, ఆకును భంగు అనీ, చేతులతో రుద్ది తీసిన జిగురును చరస్ అనీ వ్యవహరిస్తారు. ఈ విభజన తర్వాతి చట్టాలకు ఆధారమైంది.

బ్రిటిష్ పార్లమెంటులో డబ్ల్యు. ఎస్. కేన్ లేవనెత్తిన ప్రశ్న ఫలితంగా 1893లో ఏర్పడిన భారత గంజాయి విచారణ సంఘం దేశమంతటా 1,193 మంది సాక్షులను విచారించి 1894లో నివేదిక ఇచ్చింది. మద్రాసు రాష్ట్ర వైద్యులు, అధికారులు, వ్యాపారులు కూడా సాక్షులుగా నిలిచారు. మితమైన వాడకంవల్ల చెప్పుకోదగ్గ హాని లేదనీ, పూర్తి నిషేధం అవసరం లేదనీ సంఘం తేల్చింది; మనుషులకే కాక పశువులకూ దీన్ని మందుగా ఇచ్చే అలవాటు విస్తారంగా ఉందని గుర్తించింది. అనుమతి ఉన్న గ్రామాల్లోనే సాగు, గిడ్డంగిలో నిల్వ, బరువును బట్టి సుంకం, లైసెన్సు దుకాణంలో అమ్మకం అనే విధానం దాని సిఫార్సులతో బలపడింది. ప్రభుత్వానికి గంజాయి ముందుగా ఆబ్కారీ రాబడి, ఆ తర్వాతే ఔషధం. నాణ్యతను పరీక్షించే ప్రయోగశాల లేకుండా తూకం వేసే గిడ్డంగి మాత్రమే ఉండడం ఆ వరుసనే చూపుతుంది.

క్షీణత, నిషేధం

గంజాయి మందుగా వెనకబడడానికి చట్టాలే కారణమని ఇటీవలి రచనలు కొన్ని చెబుతాయి. కాలక్రమం ఆ వాదనను పూర్తిగా సమర్థించదు. ఒక తోట సరుకుకు మరో తోట సరుకుకు బలంలో పొంతన ఉండేది కాదు. ఓడల్లో ప్రయాణించి నిల్వ ఉన్న ద్రావకం ఒకచోట నిస్సారంగా, మరోచోట ప్రమాదకరంగా పనిచేసేది. 19వ శతాబ్దం మధ్యలో సూదిమందు వచ్చాక నీటిలో కరిగే మార్ఫిన్‌ను నేరుగా చర్మం కిందికి ఎక్కించడం సాధ్యమైంది. నీటిలో కరగని గంజాయి జిగురుకు ఆ దారి మూసుకుపోయింది. 1899లో ఆస్పిరిన్ బజారుకొచ్చింది. వైద్యుడు నమ్మదగిన మోతాదు కోరుకున్నాడు. ఈ మొక్క దాన్ని ఇవ్వలేకపోయింది.

ఆ తర్వాతే ఆంక్షలు బిగిశాయి. 1925 జెనీవా ఒప్పందం గంజాయిని అంతర్జాతీయ నియంత్రణలోకి తెచ్చింది, 1930లో భారతదేశంలో ప్రమాదకర ఔషధాల చట్టం వచ్చింది. బ్రిటిష్ ఔషధకోశం 1932లో, అమెరికా ఔషధకోశం 1942లో దీన్ని తొలగించాయి. 1961 ఐక్యరాజ్య సమితి ఒప్పందం గంజాయి నిర్వచనంనుంచి పూత లేని ఆకును, గింజను మినహాయించింది. భారతదేశపు 1985 మాదక ద్రవ్యాల చట్టం కూడా అదే మినహాయింపును పాటించడంవల్ల భంగు ఆకు కేంద్ర చట్టం పరిధికి వెలుపల, రాష్ట్రాల ఆబ్కారీ అధికారంలో మిగిలింది. వైద్య, శాస్త్రీయ అవసరాలకు అనుమతినిచ్చే వీలును సైతం ఆ చట్టం ఉంచింది. కాబట్టి కాగితం మీద వైద్య వినియోగం ఎన్నడూ రద్దు కాలేదు. ఆయుర్వేద సంస్థలు నేడు అమ్మే విజయ మందులు ఈ ఆకుపైనే ఆధారపడినవి. ఔషధ నియమావళిలోని విషద్రవ్యాల పట్టికలో భంగ ఉన్నందున వాటిని వైద్య పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక తప్పనిసరి. ఇలాంటి మందుల తయారీకి ఆధారంగా ఔషధ చట్టం గుర్తించిన ప్రామాణిక ఆయుర్వేద గ్రంథాల జాబితాలో తెలుగు వైద్యులు రచించిన బసవరాజీయం, వైద్య చింతామణి కూడా ఉన్నాయి.

ఆధునిక పరిశోధన

ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు రఫాయెల్ మెషూలం, యెహియెల్ గవోని 1964లో మత్తుకు మూలమైన టీహెచ్‌సీని శుద్ధరూపంలో వేరుచేసి నిర్మాణం తేల్చారు. మత్తు కలిగించని సీబీడీ అంతకుముందే, 1940లో వేరైంది. 1988లో మెదడులో టీహెచ్‌సీ పట్టుకునే గ్రాహకం కనుగొనబడింది. అటువంటి గ్రాహకాలు మెదడు, వెన్నుపాము నాడీకణాల్లో ఉండి, నొప్పి సంకేతాలను మోసే రసాయనాల విడుదలను తగ్గిస్తాయి. చాలామంది రోగుల్లో నొప్పి పూర్తిగా పోదు గాని, అది పెట్టే యాతన తగ్గుతుంది.

కాలిఫోర్నియా 1996లో ఓటర్ల తీర్పుతో వైద్య గంజాయిని అనుమతించింది. కెనడాలో 2005లో గంజాయి సారంతో చేసి నోటిలో చల్లుకునే నాబిక్సిమాల్స్ అనే మందుకు మల్టిపుల్ స్క్లెరోసిస్ నొప్పి విషయంలో షరతులతో ఆమోదం లభించింది. శాస్త్రవేత్తల అభిప్రాయం మాత్రం ఒక్కటి కాలేదు. అమెరికా జాతీయ అకాడమీలు 2017లో పెద్దల దీర్ఘకాలిక నొప్పికి గట్టి ఆధారం ఉందన్నాయి. నరాల నొప్పిపై 2018 నాటి కాక్రేన్ సమీక్ష ఆధారాల నాణ్యత తక్కువనీ, లాభాన్ని దుష్ప్రభావాలు మించవచ్చనీ చెప్పింది. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2021లో సాధారణ వినియోగాన్ని సమర్థించలేదు. కళ్లు తిరగడం, మగత, నోరెండడం తరచుగా కనిపిస్తాయి; మానసిక వ్యాధి ముప్పున్న యువకుల్లో మతిభ్రమ కలిగే ప్రమాదం ఉంది. 2020 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి మాదక ద్రవ్యాల సంఘం గంజాయిని అత్యంత కఠిన నియంత్రణ పట్టికనుంచి 27–25 ఓట్లతో తొలగించినప్పుడు భారతదేశం తొలగింపుకే ఓటు వేసింది. జమ్మూలోని కేంద్ర పరిశోధన సంస్థ అనుమతితో మొక్కను పెంచి నొప్పి మందులపై పరిశోధిస్తోంది.

తెలుగు రాష్ట్రాల్లో పరిస్థితి వేరు. చింతపల్లి, గూడెం కొత్తవీధి, పెదబయలు వంటి మన్యం మండలాల్లో శీలావతి అనే రకం రహస్యంగా పండి ఇతర రాష్ట్రాలకు తరలిపోయేది. 2021లో మొదలైన ఆపరేషన్ పరివర్తన్‌లో వేల ఎకరాల తోటలను నరికివేసి, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోల సరుకును తగలబెట్టారు. ఈ పరిస్థితుల్లో వైద్యసాగు ప్రస్తావన రాజకీయంగా ముందుకు రావడం కష్టమైంది. మరోవైపు క్యాన్సర్ నొప్పికి హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ఆసుపత్రి వంటి చోట్ల ఉపశమన వైద్యులు ఆధారపడేది మార్ఫిన్ మీదే. 2014లో మాదక ద్రవ్యాల చట్టాన్ని సవరించి, మరుసటి ఏడు అత్యవసర మాదక ఔషధాలుగా ప్రకటించిన మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, ఆక్సికోడోన్, కోడీన్, హైడ్రోకోడోన్‌లను గుర్తింపు పొందిన ఆసుపత్రులు ఒకే అనుమతితో నిల్వ చేసుకోవచ్చు. ఆ ఆరింటిలో గంజాయినుంచి తీసినది ఒక్కటీ లేదు.