చత్వారము - సులోచనములు: మైలాపూరు విద్యాచరిత్రలో ఒక ప్రకరణము

నలుబది యేండ్లు దాటినపిమ్మట దగ్గఱి యక్షరము మసకబాఱుట మానవులందఱకును సామాన్యము. సంస్కృతమున నలుబదికి చత్వారింశత్ అని పేరు. దానినుండియే తెలుగున చత్వారమను మాట ఏర్పడినది. మైలాపూరున తెలుగువారి ఇరుగుపొరుగు తమిళులు దీనిని వెళ్ళెళుత్తు, అనగా తెల్లయక్షరము, అందురు. ఒకరు వయస్సును బట్టియు, మఱియొకరు కంటికి తోచు రూపమును బట్టియు పేరు పెట్టిరి.

చత్వారము రోగము కాదు. కంటిలోని కటకము బాల్యమున మెత్తగా నుండి, దగ్గఱి వస్తువును చూచునపుడు ఉబ్బి, దూరమును చూచునపుడు పలుచనగును. ఈ సర్దుబాటు జరుగు విధమును జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ 1855లో వివరించెను. వయస్సుతో కటకము గట్టిపడగా ఆ శక్తి తఱుగును. పదియేండ్ల బాలుడు సుమారు 3 అంగుళముల దూరముననున్న యక్షరమును చూడగలడు. నలుబదియేండ్లకు ఆ దూరము సుమారు 9 అంగుళములగును. అఱువదియేండ్లకు ఒక మీటరు వఱకు పోవును. చేయి చాచి పుస్తకము పట్టుకొనుటకు కారణమిదియే.

తాటాకుపై గంటముతో వ్రాసి, మసి పూసి చదువుకొన్న కాలమున పండితునకు ఇది చిన్న నష్టము కాదు. జ్ఞానము పరిపక్వమైన వయస్సుననే తాళపత్రము కంటికి అందకపోయెడిది. ఇటలీలో 1286 ప్రాంతమున పుట్టిన కుంభాకార కటకముల జోడు ఈ కొఱతను తీర్చినది. దక్షిణదేశమున దీనికి ప్రాచీనమైన ఆధారము విజయనగర కాలమునాటిది. శ్రీకృష్ణదేవరాయల గౌరవమునకు పాత్రుడైన వ్యాసతీర్థులు కంటియద్దముల సాయమున గ్రంథము చదువుచుండిరని సోమనాథకవి వ్యాసయోగిచరితమున వర్ణించెను. ఇది 1520 ప్రాంతపు విషయమని పి. కె. గోడే మున్నగు పరిశోధకులు తలచిరి. అప్పటికి యతీశ్వరుల వయస్సు ఇంచుమించు అఱువది.

మూడు శతాబ్దముల తరువాత నేత్రవైద్యము మైలాపూరు పొరుగుననే నిలుకడగా నెలకొన్నది. 1819లో మైలాపూరును ఆనుకొనియున్న రాయపేటలో మద్రాసు నేత్రవైద్యశాల ప్రారంభమైనది. 1884లో అది ఎగ్మూరునకు తరలినది. ఆ తొలినాళ్ళలో అద్దములను ఎన్నుకొనుటకు శాస్త్రీయమైన పద్ధతి ఇంకను స్థిరపడలేదు. డచ్చి వైద్యుడు డాండర్స్ 1864లో ప్రకటించిన గ్రంథముతో చత్వారము వేఱు, దూరదృష్టి దోషము వేఱు అని స్పష్టమై, కొలిచి అద్దములిచ్చుట శాస్త్రమైనది.

ఇరువదవ శతాబ్దమున మైలాపూరు చదువుల పేటగా పేరొందెను. 1906లో సంస్కృత కళాశాల వెలసినది. ఆంధ్రపత్రికాధిపతి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ భవనము లజ్ ప్రాంతముననే యుండెను. 1937 నవంబరు 16న ఆంధ్రనాయకుల ఒడంబడిక అచటనే జరిగినది. అప్పటికి పంతులుగారికి డెబ్బదియేండ్లు. ఆ వయస్సున ఎవరికైనను కంటి సర్దుబాటు దాదాపు శూన్యము. పత్రికలు, నిఘంటువులు, అచ్చుప్రతుల దిద్దుబాటు, అన్నియు దగ్గఱిచూపుపై ఆధారపడిన పనులే. నడివయస్సు దాటిన పండితుల కృషి వెనుక సులోచనముల ఋణము కలదు.

అయితే ఈ ఋణము పండితులది మాత్రమే కాదు. కపాలీశ్వరాలయపు మాడవీథులలో మల్లెలు కట్టు స్త్రీకిని, సూదిలో దారమెక్కించు దర్జీకిని చత్వారము జీవనమునకే అడ్డు. అస్సాము తేయాకు తోటలలో నలుబది దాటిన కూలీలకు దగ్గఱిచూపు అద్దములిచ్చి పరీక్షింపగా, వారి పని సుమారు ఐదవవంతు పెరిగినదని 2018లో తేలినది. తెలంగాణమున 2018 ఆగస్టు 15న కంటివెలుగు పథకమును, ఆంధ్రప్రదేశమున 2019 అక్టోబరు 10న ఆ పేరిటి పథకమును ప్రారంభించుట ఈ దృష్టితో గమనింపదగినది.

నేడు మార్గములు పెక్కు. చదువుటకు మాత్రమే వాడు అద్దములు సులభము, చవుక. దూరమును, దగ్గఱను ఒకే అద్దమున చూపు బైఫోకల్ కటకమును బెంజమిన్ ఫ్రాంక్లిను 1784లో వర్ణించెను. గీత కనబడని ప్రోగ్రెసివ్ కటకములు 1959లో ఫ్రాన్సున వెలువడినవి. కాంటాక్టు లెన్సులును, శస్త్రచికిత్సలును కలవు. కొన్ని గంటలపాటు దగ్గఱిచూపునిచ్చు కంటిచుక్కలకు 2021లో అమెరికాలో అనుమతి లభించినది. అయినను సామాన్యునకు అద్దములే ముఖ్యము.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. వీథిలో కొన్న అద్దములతో అక్షరము కనబడినంతమాత్రమున కన్ను ఆరోగ్యముగా నున్నదని తలపరాదు. నలుబది దాటినవారిని నీటికాసుల వ్యాధి నొప్పి లేకయే పొంచి యుండవచ్చును. ఆ వ్యాధికి కొత్త శస్త్రచికిత్సను ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో రూపొందించిన ఎలియట్ ఈ మద్రాసు వైద్యశాలకే అధిపతి. చత్వారము వచ్చిన నాడే కన్నులను పరీక్ష చేయించుకొనుట, ఇంటి పెద్దలకును పనివారికిని చేయించుట, ఈ చరిత్ర తెలిసిన మనవారికి కర్తవ్యము.