ధనం, ఋణం, దారి: అయాన్ల పేర్లలో రెండు నామకరణ దృష్టులు

పారిభాషిక పదం తాను సూచించే వస్తువును గురించి ఎంత చెప్పాలి, ఎంత చెప్పకుండా ఊరుకోవాలి? ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్న సందర్భాలలో 1834 నాటి ఒక ఉత్తర ప్రత్యుత్తరం చెప్పుకోదగినది. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో విద్యుద్విశ్లేషణపై ప్రయోగాలు చేస్తున్న మైకేల్ ఫారడేకు అప్పటికి వాడుకలో ఉన్న ‘ధ్రువం’ అనే మాట ఇబ్బందిగా తోచింది. ధ్రువం అనగానే అయస్కాంతం గుర్తుకు వస్తుంది. అది పదార్థాన్ని తనవైపు లాగుతుందనే సిద్ధాంతం ఆ మాటలోనే దాగి ఉంది. ఫారడే ఆ సిద్ధాంతాన్ని ఒప్పుకోలేదు. ఆయన దృష్టిలో అది విద్యుత్తు రాకపోకలకు ద్వారం మాత్రమే. అందుచేత ఏ సిద్ధాంతానికీ కట్టుబడని పేర్ల కోసం కేంబ్రిడ్జిలోని విలియం హ్యూయెల్‌ను సంప్రదించాడు.

హ్యూయెల్ గ్రీకు నుండి ఆనోడ్, కాథోడ్ అనే మాటలు కూర్చి ఇచ్చాడు. ‘హొదోస్’ అంటే దారి. ‘అనా’ పైకి, ‘కతా’ కిందికి. ఈ ఎగువ దిగువలకు ఆధారం సూర్యుడు. భూమి అయస్కాంతత్వానికి కారణమైన విద్యుత్ప్రవాహం తూర్పు నుండి పడమరకు సాగుతుందని ఊహించి, విశ్లేషణ పొందే పదార్థాన్ని అదే దిశలో అమర్చినట్లు భావిస్తే, ఆనోడ్ సూర్యుడు ఉదయించే వైపూ, కాథోడ్ అస్తమించే వైపూ ఉంటాయి. విద్యుత్తు స్వభావం గురించిన అభిప్రాయాలు రేపు మారినా ఈ పేర్లు చెదరవన్నది ఫారడే ఉద్దేశం. ‘వెళ్లేది’ అనే అర్థంలో అయాన్, ఎగువకు వెళ్లే ఆనయాన్, దిగువకు వెళ్లే కాటయాన్ కూడా హ్యూయెల్ సూచించినవే. వీటిని స్వీకరిస్తూనే, ‘అయాన్’ అనే మాటతో తనకు పెద్దగా అవసరం పడదని ఫారడే జవాబు రాశాడు! తరువాతి రసాయనశాస్త్రం ఎక్కువగా వాడుకున్నది ఆ మాటనే.

తెలుగు పాఠ్యగ్రంథాలలో కాటయాన్, ఆనయాన్‌ల పక్కనే ధన అయాన్, ఋణ అయాన్ అనే జంట కనబడుతుంది. ఇది అనువాదం కాదు, వేరొక నామకరణం. గ్రీకు పేరు గమనాన్ని చెబితే, మన పేరు ఖాతాను చెబుతుంది. ధన, ఋణ సంజ్ఞలు భారతీయ గణితంలో పాతవి. 628 నాటి బ్రహ్మగుప్తుని గ్రంథంలోనే వాటి కూడిక, తీసివేతల నియమాలున్నాయి. సోడియం ఒక ఎలక్ట్రాన్‌ను వదులుకొని ధన అయాన్ అవుతుంది. దాన్ని పుచ్చుకొన్న క్లోరిన్ ఋణ అయాన్ అవుతుంది. ఇచ్చినవాడికి రావలసి ఉంది, తీసుకొన్నవాడికి బాకీ ఉంది. ఇంత చక్కగా కుదరడం నిజానికి యాదృచ్ఛికం. విద్యుత్తుకు ఈ గుర్తులను బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1747లో, ఎలక్ట్రాన్ ఊసే లేని కాలంలో పెట్టాడు.

యాదృచ్ఛికమైనా, ఫార్ములా రాయడంలో ఈ పేరు విద్యార్థికి చేసే మేలు పెద్దది. అల్యూమినియం అయాన్‌పై 3 ధనావేశాలు, ఆక్సైడ్ అయాన్‌పై 2 ఋణావేశాలు. బాకీ పూర్తిగా చెల్లాలంటే ఇరువైపులా 6 కావాలి. కనుక అల్యూమినియం 2, ఆక్సిజన్ 3. కాల్షియం ఫాస్ఫేట్‌లో కాల్షియం 3, ఫాస్ఫేట్ 2. ఇక్కడ ఫాస్ఫేట్ సముదాయాన్ని కుండలీకరణాలలో ఉంచి వెలుపల 2 వేస్తారు. 3 ఋణావేశాల అప్పు ఏ ఒక్క పరమాణువుదో కాదు, ఉమ్మడి కుటుంబానిది. కుండలీకరణం ఆ ఇంటి ప్రహరీ. ‘ఎగువకు వెళ్లేది’ అనే అర్థం తెలిసినా ఈ లెక్క చేయడానికి అది సాయపడదు. ధన, ఋణ శబ్దాలు మాత్రం చేయవలసిన పనిని సూచిస్తాయి. ఎంత ధనమో అవి చెప్పవన్నది నిజమే. ఇనుము వంటి లోహానికి 2, 3 రెండూ సాధ్యం. ఆ లోటును ఆల్ఫ్రెడ్ స్టాక్ 1919లో ప్రతిపాదించిన రోమన్ అంకెల పద్ధతి తీర్చింది.

చిక్కు వచ్చినది ఎలక్ట్రోడ్‌ల దగ్గర. ఇదే జంటను అక్కడికీ పొడిగించి ఆనోడ్‌ను ధనధ్రువమనీ, కాథోడ్‌ను ఋణధ్రువమనీ అనువదించే అలవాటు ఏర్పడింది. ఫారడే ఏ మాటను తప్పించుకోవాలని అంత శ్రమపడ్డాడో, ఆ ‘ధ్రువం’ తెలుగులో మళ్లీ తలుపు తట్టింది. ఇది కేవలం శబ్దచర్చ కాదు. విద్యుద్విశ్లేషణలో ఆనోడ్ ధనాత్మకమే. విద్యుత్తును పుట్టించే ఘటంలో అలా కాదు. 1836 నాటి డేనియల్ ఘటంలో జింకు కడ్డీ ఆనోడ్, అదే ఋణాగ్రం కూడా. ఆనోడ్ అంటే ధనధ్రువమని కంఠస్థం చేసిన విద్యార్థికి ఇక్కడ పుస్తకమే తప్పనిపిస్తుంది. దారిని బట్టి పెట్టిన పేరుకు ఈ వైరుధ్యం లేదు: రెండు సందర్భాలలోనూ సంప్రదాయ విద్యుత్ప్రవాహం ద్రావణంలోకి ప్రవేశించేది ఆనోడ్ నుండే. కనుక పదకోశాలలో ధన, ఋణ శబ్దాలను అయాన్లకు ఉంచి, ఎలక్ట్రోడ్‌లకు ఆనోడ్, కాథోడ్‌లనే నిలపడం, తప్పనిసరిగా తెలుగు మాటే కావాలంటే ప్రవేశ, నిర్గమ శబ్దాలతో కూర్చుకోవడం యుక్తమని నా అభిప్రాయం. హ్యూయెల్‌ను సంప్రదించక ముందు ఫారడే వాడి చూసిన ఈసోడ్, ఎక్సోడ్ అనే మాటలకు అర్థం కూడా లోపలి దారి, వెలుపలి దారి అనే.